ఆకుపచ్చ లైనింగ్

నవంబరు 2, సోమవారం

గ్రంథకర్తగారి ఆహ్వానపత్రిక వచ్చింది. దళసరి అట్ట, బంగారు అంచు. ఈ నెల 22న మోటారుసైకిల్ క్లబ్బు హాల్లో పాతకాలపు తోలు జాకెట్ల ప్రదర్శన. అదే రోజు ఆయనగారి మహాగ్రంథం మూడో ముద్రణ విడుదల. మొదటి రెండూ కొన్నవాళ్ళకు ఇంకా బుద్ధి రాలేదన్నమాట.

కవరు మీద "అక్కకూ బావకూ" అని అతని చేతిరాతే. అక్షరాలు ఇప్పటికీ ఎడమకు వాలుతున్నాయి, మిషను తొక్కడం రానివాడు వేసిన కుట్టులా.

మా ఆవిడ దాన్ని అద్దం సందులో దోపింది. తీసి సొరుగులో పడేశాను. సాయంత్రానికి మళ్ళీ అద్దం సందులో ఉంది.

నవంబరు 3

సొరుగులో వేశాను.

నవంబరు 4

అద్దం సందులో ఉంది. ఇద్దరం దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు.

నవంబరు 5, గురువారం

వెళతాను. తమ్ముణ్ణి కళ్ళనిండా చూసుకోవాలని ఆవిడ కోరిక. నేను వెళ్ళేది వేరే పని మీద. లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పి వస్తాను. అక్కడ తడబడకుండా ఆ నాలుగు మాటలూ ముందు ఇక్కడ రాసుకుంటాను.

అయ్యలారా. నలభై ఏళ్ళుగా నేను తోలు జాకెట్లు బాగుచేస్తున్నాను, అవి ఏ ఏటివో, ఏ ఒంటికి సరిపోతాయో చెబుతున్నాను. గద్ద గుర్తు కంపెనీ మూతపడి చాలా కాలమైంది. వాళ్ళు కుట్టిన జాకెట్ల వివరాలన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. జిప్పు రన్నరు ఏ ఏడు మారింది, కాలరు కోణం ఏ ఏడు తగ్గింది, నూలు దారం పోయి నైలాన్ ఎప్పుడు వచ్చింది, అన్నీ. నా బావమరిది అప్పట్లో నా కొట్లోనే కూర్చునేవాడు. పని నేర్చుకుంటానన్నాడు. నేర్పాను. నోటుబుక్కు తిరగేస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఊరుకున్నానా? లేదు. బోను పెట్టాను. ఆ నోటుబుక్కులో ఒకచోట శుద్ధ అబద్ధం రాశాను: "1954 వేసవిలో ఎర్రగుడ్డ మిల్లు మూతపడినందువల్ల గద్ద గుర్తువాళ్ళు నాలుగు నెలలు ఆకుపచ్చ లైనింగ్ వేశారు." గద్ద గుర్తు లైనింగ్ ఎప్పుడూ ఎర్రదే. ఆకుపచ్చది నేను పుట్టించాను. మూడేళ్ళకు అతని పుస్తకం వచ్చింది. నూట పన్నెండో పుట. మిల్లు, వేసవి, నాలుగు నెలలు. పొల్లుపోలేదు.

ఆ రోజు పుస్తకం చేత పట్టుకుని నవ్వుతూ కొట్లోకి వచ్చాడు. అక్కడక్కడా తిప్పి నూట పన్నెండు దగ్గర ఆగాను. బయటికి నడవమన్నాను.

"ఏం చేశాను బావా?"

"నీకే తెలుసు."

దొంగకు దొంగతనం విడమరిచి చెప్పడమేమిటి? ఇరవై రెండేళ్ళయింది. ఆవిడకూ చెప్పలేదు. సమయం కోసం ఆగాను. చెప్పడానికి భయపడి కాదు. సమయం కోసం.

నవంబరు 8, ఆదివారం

ఆవిడ ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. గంటా పది నిమిషాలు పట్టింది. ఆరేసినవి రెండు తువ్వాళ్ళు, ఒక దిండు గలీబు. ఫోను కూడా పట్టుకెళ్ళింది. ప్రతి ఆదివారం ఇంతే. నాకేం తెలియదనుకుంటుంది. నాకు తెలుసని తనకు తెలుసేమో కూడా. పోనీ.

నవంబరు 10, మంగళవారం

దేవుడనేవాడు ఉంటే నా వైపే ఉన్నాడు.

పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. నాలుగు వీధుల అవతల మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డు తనదే. గోళ్ళలో గ్రీజు. భుజం మీద పాత జాకెట్.

"తాతగారూ, మీరేనా జాకెట్ల పెద్దాయన?"

"నీకు నేను తాతనెప్పుడయ్యానమ్మా?"

"సరే సార్. అలిగితే సార్ అంటాను." జాకెట్ బల్ల మీద పరిచింది. "మా అమ్మమ్మది. యాభై నాలుగులో మోటారుసైకిల్ మీద కొండ ఎక్కే పందెంలో గెలిచి, ఆ వారమే దీన్ని కొత్తగా కొనుక్కుందట. మా మామయ్యలేమో ముసలిది కోతలు కోసిందంటారు. సైజు ముప్పై ఎనిమిది, మగవాడిది, ఎవడో పాతది ఇచ్చి ఉంటాడు అని నవ్వుతారు. ఆవిడ పోయేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఇది ఏ ఏటిది, ఏ సైజుదో కాగితం మీద రాసివ్వండి. వాళ్ళ మొహాన కొడతాను."

పిల్ల నచ్చింది. పగ పట్టడం తెలిసినవాళ్ళు అరుదైపోయారు.

"లైనింగ్ కూడా చంక దగ్గర చిరిగింది," అంది. "మొత్తం పీకేసి కొత్తది వేసెయ్యండి. ఏ రంగైనా సరే. నేను తొడుక్కుంటాను."

జిప్పు లాగి తెరిచాను. మెడ దగ్గర గద్ద బొమ్మ చీటీ. దాని కింద లైనింగ్.

ఆకుపచ్చ.

నవ్వు వచ్చింది. పైకే నవ్వాను. ఆ అమ్మాయి ఏమనుకుందో. లేని వస్తువు గురించి అతను రాశాడు. ఆ రాత చదివి ఎవడో లేని వస్తువును తయారుచేశాడు. మామూలు గద్ద గుర్తు జాకెట్‌కు ఎర్ర లైనింగ్ ఊడదీసి ఆకుపచ్చది కుట్టి, అరుదైనదని ఎవరికో అంటగట్టి ఉంటాడు. అమ్మమ్మ కథ తర్వాత అతుక్కుంది. పుస్తకంలో అబద్ధం ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 22న దీన్ని క్లబ్బు హాలు మధ్యలో తగిలిస్తాను.

"పన్నెండు రోజులు ఆగు," అన్నాను.

"అంతేనా? మా మామయ్యలు డెబ్భై ఏళ్ళు బతికారు సార్. ఇంకో పన్నెండు రోజులు బతుకుతారులెండి."

నవంబరు 11

కొలతలు. జిప్పు పెట్టి, బల్ల మీద పరిచి, చేత్తో చదును చేసి, చంక నుంచి చంకకు: పంతొమ్మిదికి కాస్త తక్కువ. తోలు ముడుచుకుని ఉంటుంది. పంతొమ్మిదే అనుకుందాం. రెట్టిస్తే ముప్పై ఎనిమిది. చీటీ మీదా ముప్పై ఎనిమిదే. అంటే గద్ద గుర్తువాళ్ళ చీటీ జాకెట్ బయటి చుట్టుకొలత చెబుతుంది, మనిషి ఛాతీ చుట్టుకొలత కాదు. లోపల మనిషీ చొక్కా కదలడానికి నాలుగంగుళాలు తీసేయాలి. ముప్పై నాలుగు. సన్నటి మనిషి. ఆడమనిషి తొడుక్కోవచ్చు. ఆ మామయ్యలు మూర్ఖులని తేలింది, కానీ అది నాకు అక్కర్లేని సంగతి.

చెయ్యి పొడవు భుజం కుట్టు నుంచి ఇరవై మూడున్నర. ఊరికే ఉండలేక గ్రంథం తెరిచాను. నూట నలభయ్యో పుటలో గద్ద గుర్తు ముప్పై ఎనిమిదికి చెయ్యి ఇరవై నాలుగు అని వేశాడు. కొలవడం కూడా రాదు. నా పసుపు టేపుతోనే నేర్పాను వెధవకు. మామూలు గుడ్డ టేపులైతే సాగుతాయి, రెండేళ్ళకోసారి పారేయాలి. ఇది మైనం పట్టించిన గుడ్డ. ముప్పై ఏళ్ళలో నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. ఏ మనిషి గురించీ ఆ మాట అనలేను.

నవంబరు 12

ఈ రోజు అసలు పని. తోలుకు ఒక గుణం ఉంది. గుడ్డలో సూది దిగి వచ్చేస్తే పోగులు మళ్ళీ కలుస్తాయి. తోలులో పడ్డ బెజ్జం చచ్చేదాకా బెజ్జమే. లైనింగ్ ఊడదీసి మరొకటి వేస్తే రెండో వరస బెజ్జాలు పడక తప్పదు. ఎంత గొప్ప పనివాడైనా మొత్తం చుట్టూ పాత బెజ్జాల్లోనే మిషను దింపలేడు. చరిత్ర పుస్తకాలు వందల కొద్దీ చదివాను. వాటిలో ఒక్కటీ తోలు అంత నిజాయితీగా లేదు.

భూతద్దం పెట్టి అంచు వెంట చూశాను. రెండో వరస కనబడలేదు. మబ్బు పట్టింది, వెలుతురు చాలలేదు.

నవంబరు 13

రెండో వరస కనబడలేదు. కిటికీ దుమ్ము పట్టి ఉంది.

నవంబరు 14

కిటికీ తుడిపించాను. కొత్త బల్బు పెట్టించాను. కాలరు కింద, జిప్పు వెంట, నడుము పట్టీ చుట్టూ చూశాను. కనబడలేదు.

"ఆ జాకెట్‌ను అంతగా నమిలేస్తున్నారేం?" అంది ఆవిడ.

దొంగపని పట్టుకుంటున్నానన్నాను.

"ఎవరిది?" అంది.

నవంబరు 15, ఆదివారం

మేడ మీద గంటా ఇరవై నిమిషాలు. ఒక్క చొక్కా.

నవంబరు 16, సోమవారం

లైనింగ్ కుట్టులోంచి దారం ముక్క లాగి అగ్గిపుల్లతో కాల్చాను. నైలానైతే కరిగి పూసలా ముడుచుకుంటుంది. అప్పుడు కొత్త కుట్టని తేలిపోయేది. బూడిదైంది. వేళ్ళ మధ్య నలిపితే ఏమీ మిగలలేదు. నూలు దారం. దొంగలు కూడా పాత నూలు దారం సంపాదించవచ్చు. సంపాదించరని ఎవరన్నారు?

చిరుగులోంచి వేలు పెట్టి తోలు వెనకవైపు చూడటం మొదటి రోజే చేయాల్సిన పని. ఈ రోజు చేశాను. ముక్కలు కత్తిరించినవాడు పెన్సిలుతో రాసుకునే చోటు అది. చంక కింద ఉంది. "38. 6-54."

యాభై నాలుగు జూన్. దాని మీద, ఏనాడూ ఊడని ఆకుపచ్చ లైనింగ్.

నవంబరు 17

ప్రశాంతంగా ఆలోచించాను.

నేను పుట్టించింది నిజమైంది. ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. పని లోతు తెలిసినవాడి ఊహ గాలిలోంచి రాదు. ఎర్రగుడ్డ దొరకని ఒక వేసవి ఉండి ఉంటుందని నా బుర్రకు తట్టింది, అలాగే ఉంది. అంటే అతను దొంగిలించింది అబద్ధం కాదు, నిజం. నేరం ఇంకా పెద్దదైంది.

దీన్ని 22కు తగ్గట్టు తిరగరాయాలి.

నవంబరు 18, బుధవారం

తిరగరాయడం కుదరలేదు.

మధ్యాహ్నం ఆవిడ కూరగాయలు తరుగుతుంటే ఊరికే అడిగినట్టు అడిగాను. "గద్ద గుర్తుకు ఆకుపచ్చ లైనింగ్ ఉండేదని ఎప్పుడైనా విన్నావా?"

"వినకపోవడమేమిటి? మా తమ్ముడే కదా చెప్పాడు."

"పుస్తకంలోనా?"

"పుస్తకమెక్కడిది అప్పటికి? నా కాలు విరిగి కట్టుతో కూర్చున్నానే, ఆ ఏడు. కంపెనీలో జిప్పులు కుట్టిన ముసలమ్మ బతికే ఉందని తెలిసి, బస్సులో పడి వెళ్ళి వచ్చాడు. వానలో తడిసి ముద్దయి వచ్చాడు. ఇదిగో, ఇక్కడే కూర్చుని చెప్పాడు. మిల్లు మూతపడిందట, ఎర్రగుడ్డ దొరక్క నాలుగు నెలలు ఆకుపచ్చది వేశారట. ఆకుపచ్చదైతే నాకూ ఒకటి కుట్టించరా అన్నాను నేను."

"నేనెక్కడున్నాను?"

"ఎక్కడుంటారు? ఎదురుగా. ఏదో కాలరు కొలుస్తూ ఊఁ కొట్టారు. తల ఎత్తితేగా! ఎవరేం చెప్పినా మీరు కొట్టేది ఊఁ ఒక్కటే."

ఆవిడ తరగడం ఆపి నా వంక చూసింది. చాలాసేపు చూసింది.

"దీనికేనా?" అంది.

"దేనికి?"

"ఇరవై రెండేళ్ళూ. దీనికేనా?"

కత్తిపీట పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయింది. సగం తరిగిన ముక్కలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

నవంబరు 19

ఆవిడ జ్ఞాపకశక్తి మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పాలవాడి మొహం గుర్తుండదు. మాటలతో నాకు పని లేదు, కాగితం కావాలి.

గ్రంథం వెనక పదిహేను పుటల్లో ఆధారాల పట్టిక ఉంది. ఇన్నేళ్ళలో అటు వెళ్ళలేదు. దొంగసొత్తుకు చిరునామాలెందుకని. నూట పన్నెండో పుట దగ్గర ఇలా ఉంది: "గద్ద గుర్తు కంపెనీలో ముప్పై ఏళ్ళు జిప్పులు కుట్టినామె చెప్పగా విన్నది. ఫిబ్రవరి 3." ఆవిడ కాలు విరిగిన ఏడే.

అటక మీది పెట్టె దింపించి నా నోటుబుక్కు తీశాను. బోను పెట్టిన పేజీ. నీలం సిరా, నా అక్షరాలు, నా తేదీ. అదే ఏడు. ఫిబ్రవరి 19.

పదహారు రోజులు.

ఒక వస్తువు ముందుదా వెనకదా అని తేల్చడమే నా బతుకంతా. ఇందులో తేల్చడానికేమీ లేదు. పదహారు రోజుల్లో అతని మాట నా చెవిలోంచి దిగి, అతనిదన్న గుర్తు పోగొట్టుకుని, నా బుర్రలో నా సొంత అబద్ధంగా లేచింది. దాన్ని తీసి అతనికే బోనుగా పెట్టాను.

అయినా ముసలమ్మ దగ్గరికి వెళ్ళేముందు నాకొక మాట చెప్పాల్సింది. చెప్పాడేమో. ఊఁ కొట్టానేమో.

నవంబరు 20, శుక్రవారం

మెకానిక్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, లైనింగ్ పీకేశారా? షెడ్డు దగ్గర ఎర్రగుడ్డ చవకగా దొరికింది, తేనా?"

"ఎర్రదా?"

"ఎర్రదే. బావుంటుంది కదా?"

బావుంటుంది. ఎంత బావుంటుందో చెప్పలేను. అడిగిందీ తనే, గుడ్డ తెస్తున్నదీ తనే. కుట్లు విప్పే కత్తి చేతిలోనే ఉంది. మెడ దగ్గర మొదలుపెడితే గంట పని. ఆకుపచ్చ గుడ్డ చెత్తబుట్టలోకి పోతుంది. జాకెట్ అన్ని జాకెట్లలాగే ఎర్ర లైనింగ్‌తో నిలబడుతుంది. కాగితం మీద యాభై నాలుగని రాసిస్తాను, అమ్మమ్మ గౌరవానికి అది చాలు. నూట పన్నెండో పుటకు మాత్రం లోకంలో సాక్ష్యం ఉండదు. మా ఆవిడకు సాక్ష్యం ఏముంది? విరిగిన కాలు.

మెడ దగ్గర రెండు కుట్లు తెంపాను.

రెండే.

"ఏమీ తేవద్దు," అని తనకు ఫోన్ చేసి చెప్పాను. "ఈ లైనింగ్ ఎక్కడికీ పోదు."

"అదేంటి సార్, చిరిగిపోయింది కదా?"

"పనివాణ్ణి నేనా నువ్వా?"

"మీరే, మీరే. అబ్బో."

నవంబరు 21, శనివారం

చిరుగు కుట్టాను. చేత్తో, నూలు దారంతో, ఒక్కో పాత బెజ్జం వెతుక్కుంటూ అందులోంచే సూది పంపి. చిన్న ముక్క గనక చేతికి సాధ్యమైంది. మెడ దగ్గరి రెండు కుట్లు కూడా. పొద్దుటి నుంచి మూడు దాకా పట్టింది. కొత్త బెజ్జం ఒక్కటి పడలేదు. ఎవడైనా భూతద్దం తెచ్చుకుని లెక్కపెట్టుకోవచ్చు.

తర్వాత కాగితం రాశాను.

"గద్ద గుర్తు. చీటీ మీద సైజు 38, ఇది జాకెట్ చుట్టుకొలత, మనిషిది కాదు. ముప్పై నాలుగంగుళాల ఛాతీ ఉన్న ఆడమనిషికి సరిగ్గా సరిపోతుంది. ఇది తెలియనివాళ్ళు నవ్వకుండా ఉంటే మంచిది. తోలు కత్తిరించింది 1954 జూన్. జిప్పు, దారం ఆ నాటివే. ఆకుపచ్చ లైనింగ్ అసలుదే, ఒకే వరస బెజ్జాలు. ఆకుపచ్చ లైనింగ్ గురించి ఆధారం:"

అక్కడ కలం ఆగింది. టీ తాగాను. వార్తాపత్రిక చదివాను, మరణవార్తలు కూడా. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

నా నోటుబుక్కు అని రాయవచ్చు. రాస్తే ఎవరూ కాదనరు.

అతని పుస్తకం పేరు రాశాను. పుట 112. సంతకం పెట్టాను. ఈ చేత్తోనే.

నవంబరు 22, ఆదివారం

పొద్దున్నే మెకానిక్ బండి మీద వచ్చింది. జాకెట్ తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ముప్పై నాలుగు. భుజం కుట్టు భుజం ఎముక మీదే కూర్చుంది. కాగితం రెండుసార్లు చదివింది.

"'నవ్వకుండా ఉంటే మంచిది' అన్నచోట గీత గీయొచ్చా తాతగారూ?"

"గీసుకో."

క్లబ్బు హాలుకు వెళుతుందట, పుస్తకం రాసినాయనకు దీన్ని చూపించాలట. ఇంతలో లోపలి నుంచి ఆవిడ తయారై వచ్చింది. మంచి బట్టలు, చేతిసంచి. అద్దం సందులోంచి ఆహ్వానపత్రిక తీసి సంచిలో పెట్టుకుంది.

"అమ్మాయ్, నన్ను ఎక్కించుకుంటావా?"

"గట్టిగా పట్టుకుంటే ఎక్కడికైనా!"

నేను కుర్చీలోంచి లేవలేదు. నా ప్రసంగం ఈ డైరీతో పాటు సొరుగులో ఉంది. అక్కడే ఉంటుంది.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "ఎందుకు గెంటేశారని వాడు అడుగుతాడు. ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాడు. ఏం చెప్పమంటారు?"

ప్రతి ఆదివారం అని పైకే అనేసింది. ఇద్దరం వినిపించనట్టే ఉన్నాం.

"నూట నలభయ్యో పుటలో గద్ద గుర్తు ముప్పై ఎనిమిదికి చెయ్యి ఇరవై నాలుగు అని వేశాడు," అన్నాను. "ఇరవై మూడున్నర. ఈ ముద్రణలో అయినా దిద్దుకోమను."

"ఇంతేనా?"

"ఇంతే."

"చెబుతాను," అంది.

కిటికీలోంచి చూశాను. డెబ్భై ఏళ్ళ మనిషి బండెక్కి, ఆ జాకెట్ నడుము చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. వీధి మలుపు దాకా నవ్వుతూనే ఉంది.

నవంబరు 23, సోమవారం

ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తి, నా చెవి దగ్గర పెట్టింది.

"బావా." గొంతు ముసలిదైపోయింది. "చెయ్యి ఇరవై నాలుగే బావా."

"ఇరవై మూడున్నర."

"నిన్న హాల్లో, ఆ అమ్మాయి ఒంటి మీదే కొలిచాను. ఇరవై నాలుగు."

"నీకు కొలవడం ఎప్పుడొచ్చింది?"

"నువ్వే కదా నేర్పావు." తర్వాత, "ఏ టేపుతో కొలిచావు నువ్వు? ఆ పసుపుదా? ఇంకా అదేనా?"

ఫోన్ ఆవిడ చేతికి ఇచ్చేశాను. ఇంకా ఏదో అంటున్నాడు. ఎల్లుండి మధ్యాహ్నం ఇనుప స్కేలు పట్టుకుని వస్తాడట.

రానీ.

నవంబరు 24

ఆవిడ మేడ మీద ఉండగా పసుపు టేపును కొట్లోని ఇనుప స్కేలు పక్కన పరిచి చూశాను. ఎంత తేడా వచ్చిందో ఇక్కడ రాయను.